అమృతాంజనం అమ్మి అక్షరం పంచిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు



ఈ ఏటి సాంస్కృతికోత్సవ సంచికకు తెలుగు మహనీయుని జీవితకథ ఒకటి రాసి ఇవ్వవలసిందిగా మన సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. ఈ గడ్డమీద మూడవ తరానికి చెందినవాళ్ళం. బడిలో చదివింది ఇంగ్లీషు, తమిళం. ఉద్యోగం బడిపంతులుగిరీ. తెలుగు మాటలు ఇంట్లో వచ్చినా, తెలుగు అక్షరాలు మాత్రం నలభై దాటాక సాయంకాలపు తరగతిలో కూర్చుని దిద్దుకున్నవే. కనుక ఈ వ్యాసంలో పొరపాట్లు దొర్లితే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

ఎవరి కథ రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా మా ఇంటి అలమరలో ఉన్న చిన్న గాజుసీసా కంటబడింది. పసుపుపచ్చని లేపనం, మూత తీస్తే కళ్ళలో నీళ్ళు తిరిగే ఘాటు. అమృతాంజనం. మన ఇళ్ళలో నాయనమ్మలూ అమ్మమ్మలూ తలనొప్పికీ, జలుబుకీ, నడుమునొప్పికీ, ఒక్కోసారి మనసు బాగులేకపోయినా కూడా దీన్నే రాసుకునేవారు. ఆ సీసా వెనుక ఒక తెలుగు దినపత్రిక ఉందనీ, ఆ లేపనం అమ్మిన డబ్బుతో ఒక మనిషి ఒక జాతికి చదివే అలవాటు నేర్పాడనీ మనలో ఎందరికి తెలుసు? మాకు కూడా యాభయ్యోపడిలో పడేదాకా తెలియదు. అందుకే ఈసారి దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ.

పెట్టె అడుగున కాగితాలు

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్‌లోని రబ్బరు తోటకు కూలిగా వచ్చారు. చదువు లేదు. నాన్నగారు తోటలో పుట్టి, యుద్ధం అయ్యాక సింగపూరు చేరి రేవులో పనిచేశారు. తాతగారి గుర్తుగా మాకు మిగిలింది ఒక రేకుపెట్టె. దాని అడుగున తుప్పు అంటకుండా తెలుగు పత్రికల కాగితాలు పరచి ఉండేవి. రాజుల ఓడమీద మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన సామాను చుట్టి వచ్చిన కాగితాలని నాయనమ్మ చెప్పేది. చదవడం రాని మనిషి వాటిని ఎందుకు దాచుకున్నాడో మాకు అప్పట్లో అర్థం కాలేదు.

1990లో మేము పాసిర్ రిస్‌లోని ఈ ఫ్లాటుకు మారాము. అప్పటికి ఇక్కడ రైలుస్టేషను తెరిచి ఏడాది కూడా కాలేదు. సామాను సర్దుతూ ఆ పెట్టెనూ, అందులోని పసుపుబారిన కాగితాలనూ మా చేతులతోనే చెత్తలో వేశాము. మాకు అవి కాగితాలు. అంతే. చదవడం వచ్చి ఉంటే పైన పత్రిక పేరు ఏమిటో, తేదీ ఏమిటో, ఏ వార్తమీద తాతగారి బట్టలు అన్నేళ్ళు పడుకున్నాయో తెలిసేది. పదేళ్ళు పోయాక అక్షరాలు నేర్చుకున్న రోజు మొదట గుర్తుకు వచ్చింది ఆ పెట్టే. చదవలేని వాడి చేతిలో ఎంత విలువైన కాగితమైనా చెత్తే అవుతుందన్న సంగతి మేము పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. పంతులుగారి జీవితం మాకు అంత దగ్గరగా తోచడానికి కారణం ఇదే.

ఎలకుర్రు నుంచి బొంబాయి దాకా

నాగేశ్వరరావుగారు 1867 మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాల నుంచి 1891లో పట్టభద్రులైనారు. ఆ రోజుల్లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని పత్రిక నడిపేవారు. 1874లో పుట్టిన ఆ పత్రిక బాల్యవివాహాలను, లంచగొండితనాన్ని, మూఢాచారాలను చీల్చి చెండాడేది. విద్యార్థిగా ఉన్న నాగేశ్వరరావుగారిపై ఆ రాతల ప్రభావం చాలా పడింది. నాలుగు కాగితాలమీద అచ్చయిన మాట ఊళ్ళను కదిలించగలదని ఆయన అప్పుడే గ్రహించారు.

అప్పట్లో డిగ్రీ చదివినవాడికి గుమాస్తా కొలువో, వకీలు గౌనో తప్ప మూడో దారి కనబడేది కాదు. ఈయన మాత్రం వ్యాపారం వైపు మొగ్గారు. కొంతకాలం కలకత్తాలో మందుల తయారీ ఎలా ఉంటుందో దగ్గరగా చూశారు. తరువాత బొంబాయి చేరి ఒక కంపెనీ కార్యాలయంలో పనిచేశారు. ఉద్యోగం ఆయనకు నచ్చలేదు. 1893లో సొంతంగా ఒక నొప్పి లేపనం తయారుచేసి అమృతాంజనం అని పేరుపెట్టారు.

మందు తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని నలుగురిచేత వాడించడం ఒక ఎత్తు. ఈనాడు దుకాణాల్లో ఉచిత నమూనాలు పంచడం మనం చూస్తూనే ఉన్నాము. పంతులుగారు ఆ పని నూరేళ్ళ కిందటే చేశారు. సంగీత కచేరీలు జరిగేచోట వచ్చినవారికి అమృతాంజనం ఊరికే పంచిపెట్టేవారు. గంటల తరబడి కూర్చుని పాట వినేవాళ్ళకు తలనొప్పి ఎలాగూ తప్పదు కదా! ఒకసారి రాసుకున్నవాడు మరునాడు డబ్బిచ్చి కొనుక్కునేవాడు. అనతికాలంలోనే ఆ మందు దేశమంతటా పాకింది. పంతులుగారు ధనవంతులైనారు.

ధనవంతులు అయినవారు చాలామంది ఉన్నారు. వారందరి కథలూ మనం రాసుకోవడం లేదు. ఆ ధనంతో పంతులుగారు ఏం చేశారన్నదే ఈ కథ.

పరాయి ఊళ్ళో పుట్టిన తెలుగు పత్రిక

1907లో సూరత్‌లో కాంగ్రెసు మహాసభ జరిగింది. మితవాదులూ అతివాదులూ రెండుగా చీలిపోయిన సభ అది. పంతులుగారు ఆ సభకు వెళ్ళారు. దేశం ఇంతగా ఉడికిపోతూ ఉంటే ఆ సంగతులు తెలుగువాడికి తెలుగులో చెప్పే పత్రికలు చాలినన్ని లేవే అన్న బాధతో తిరిగి వచ్చారు. మచిలీపట్నంలో 1902 నుంచి కృష్ణాపత్రిక ఉంది. 1907 నుంచి దానికి ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులు. అలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే.

1908 సెప్టెంబరులో పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. ఎక్కడ? బెజవాడలో కాదు, రాజమండ్రిలో కాదు. బొంబాయిలో! మన పిల్లలు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. బొంబాయికి అప్పటికే తెలంగాణ నుంచి రాళ్ళపనికీ, ఇళ్ళ కట్టుబడికీ, మిల్లుల్లో నేతపనికీ వెళ్ళిన తెలుగువాళ్ళు వేలాదిగా ఉండేవారు. అక్కడి కామాఠీపుర అనే పేట పేరు కూడా ఆ తెలుగు కూలీలను బట్టి వచ్చిందే. పొట్టకోసం ఊరు విడిచిన జనం ఉన్నచోట, వ్యాపారం కోసం ఊరు విడిచిన ఒక మనిషి తెలుగు పత్రిక పెట్టాడు. ఊరు విడిచినవాడికి భాష కరువు మరింత బాగా తెలుస్తుంది కాబోలు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒకటి. మేము అ ఆలు దిద్దడం మొదలుపెట్టిన వయస్సూ అదే. ఆలస్యమైపోయిందని చింతించేవారికి ఈ సంగతి చెబుతూ ఉంటాము.

ఏటేటా ఉగాదికి ఆంధ్రపత్రిక ఒక పెద్ద ప్రత్యేక సంచికను వెలువరించేది. కథలు, పద్యాలు, చరిత్ర, శాస్త్రవిషయాలు, బొమ్మలు అన్నీ అందులో ఉండేవి. ఆ సంచిక ఇంట్లో ఉండడం గౌరవంగా భావించేవారు. పండుగకు ప్రత్యేక సంచిక వేయడమనే ఆచారం తెలుగువారిలో స్థిరపడడానికి ఆ ఉగాది సంచికలు ఎంతో తోడ్పడ్డాయి. మీ చేతిలో ఉన్న ఈ చిన్న సంచిక కూడా ఆ వంశంలోనిదే.

దినపత్రిక

ఆరేళ్ళు బొంబాయిలో వారపత్రిక నడిచాక పంతులుగారు మద్రాసుకు తరలివచ్చారు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోనివే. 1914 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక దినపత్రిక అయింది. ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఆ యుద్ధం మన ఇరువైపులనూ తాకింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక మద్రాసు రేవుమీద గుండ్లు కురిపించి చమురు తొట్లను తగలబెట్టింది. అదే ఓడ అక్టోబరు 28న పినాంగు రేవులో జొరబడి రష్యా యుద్ధనౌకను, ఫ్రెంచి నౌకను ముంచింది. సముద్రానికి ఆవలి ఒడ్డున బంధువులూ, ఈవలి ఒడ్డున కూలీలూ ఒకే ఓడకు భయపడిన రోజులవి. ఏమి జరుగుతోందో తెలియక జనం అల్లాడే వేళ దినపత్రికకు ఉన్న విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. యుద్ధకాలంలోనే వార్త అనేది తెలుగువాడికి కాఫీవలె ప్రతి ఉదయపు అవసరమైంది.

ఆనాడు తెలుగు దినపత్రిక తీయడం ఎంత కష్టమో ఈనాటి పిల్లలకు ఊహకు అందదు. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు చాలు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి కొన్ని వందల సీసపు అచ్చులు కావాలి. కంపోజిటరు అరల ముందు నిలబడి ఒక్కొక్క అక్షరాన్ని చేత్తో ఏరి పేర్చాలి. దానిని అచ్చువేసి తప్పులు దిద్ది, మళ్ళీ సరిచేసి, రాత్రికి ముద్రించి, తెల్లవారేసరికి రైలుకు అందించాలి. వార్తలు తంతి ద్వారా ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని అప్పటికప్పుడు తెలుగు చేయాలి. పాత గ్రంథాల్లో లేని మాటలు రోజూ ఎదురయ్యేవి. అలా పత్రికల గదుల్లో రాత్రిపూట తొందర తొందరగా పుట్టిన మాటలు ఎన్నో నేడు మన నోళ్ళలో ఆడుతున్నాయి.

ఇంత చేసినా లాభం ఎక్కడిది? చందాదారులు తక్కువ, ప్రకటనలు తక్కువ. పైగా తెల్లదొరల ప్రభుత్వం 1910లో చేసిన చట్టంతో పత్రికల నుంచి ధరావతు సొమ్ము కోరవచ్చు, రాత నచ్చకపోతే ఆ సొమ్ము జప్తు చేయవచ్చు. ఇలాంటి కాలంలో ఆంధ్రపత్రిక నిలబడిందంటే దాని వెనుక అమృతాంజనం ఉండబట్టే. మందు సంపాదించేది, పత్రిక ఖర్చు చేసేది. లెక్కలు చూసుకునే వ్యాపారి ఎవరైనా ఆ పత్రికను మూసేసి ఉండేవాడు. పంతులుగారు మూయలేదు సరికదా, 1924 జనవరిలో భారతి అనే సాహిత్య మాసపత్రికను కూడా పెట్టారు!

భారతి, గ్రంథమాల, గ్రంథాలయాలు

భారతి గురించి వినని తెలుగు సాహిత్యాభిమాని ఉండడు. పండితుల చర్చలు, శాసనాల పరిశోధన, కొత్త కవుల ఖండకావ్యాలు, కథలు పక్కపక్కనే అందులో వచ్చేవి. భారతిలో తన రచన పడితే రచయిత అయినట్టే అని యువకులు అనుకునేవారు.

1926లో పంతులుగారు ఆంధ్రగ్రంథమాలను స్థాపించారు. తాటాకుల్లో మగ్గిపోతున్న ప్రాచీన గ్రంథాలను పండితులచేత పరిష్కరింపజేసి, తక్కువ ధరకు సామాన్యులకు అందించడం దాని ఆశయం. పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణతో వెలువరించింది ఈ గ్రంథమాలే. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మొదలుపెట్టి, పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. ఆ పనిని కూడా పంతులుగారు భుజాన వేసుకుని 1930లలో సంపుటాలు తెచ్చారు.

గ్రంథాలయోద్యమానికీ ఆయన అండ ఉంది. 1914లో, అంటే దినపత్రిక పుట్టిన నెలలోనే, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఊరూరా పఠన మందిరాలు లేచాయి. పత్రికకూ గ్రంథాలయానికీ ఉన్న సంబంధాన్ని ఇక్కడ గమనించాలి. చదువు వచ్చినవాడు ఊరికి నలుగురే ఉన్న రోజులు. పఠన మందిరం అరుగుమీద ఒకడు పత్రిక పైకి చదివితే పాతికమంది చుట్టూ కూర్చుని వినేవారు. ఒక ప్రతి పాతిక ప్రతుల పని చేసేది. చదవడం రాని మా తాతగారు కూడా, అలాంటి ఒక వినేవాడే అయి ఉండాలి. వినడానికి ఎవరైనా చదువుతారన్న ఆశతోనే ఆ కాగితాలు దాచుకున్నారేమో అని ఇప్పుడు మాకు తోస్తుంది.

దేశసేవ

పంతులుగారు రాత బల్ల దగ్గరే కూర్చున్న మనిషి కారు. 1920లలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరవై ఏళ్ళు పైబడిన వయసులో జైలుకు వెళ్ళారు. జైలులో ఖాళీగా కూర్చోలేదు. భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు.

ఆయన దానాలకు లెక్క లేదు. విద్యార్థులు, కవులు, ఉద్యమకారులు, సంస్థలు, అడిగినవారికి లేదనకుండా ఇచ్చారు. అందుకే జనం ఆయనను దేశోద్ధారక అనీ, విశ్వదాత అనీ పిలుచుకున్నారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది.

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి ఆయన పత్రిక గొంతుక అయితే, ఆయన ఇల్లు సభాస్థలి అయింది. కోస్తా జిల్లాలవారికీ రాయలసీమవారికీ మధ్య అనుమానాలు ఉండేవి. విశ్వవిద్యాలయం, నీటిపారుదల, రాజధాని, హైకోర్టు, చట్టసభలో స్థానాలు, ఇవీ తగవులు. 1937 నవంబరు 16న మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో ఇరువైపుల పెద్దలు కూర్చుని ఒక అంగీకారానికి వచ్చారు. చరిత్రలో శ్రీబాగ్ ఒడంబడిక అంటే అదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకూ, హైకోర్టు గుంటూరుకూ వెళ్ళడానికి మూలం ఆ ఒప్పందంలోనే ఉంది.

ఆ రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. 1938 ఏప్రిల్ 11వ తేదీన మద్రాసులో పరమపదించారు. అదే ఏడాది జూన్‌లో భారత ప్రభుత్వం మలయా తోటలకు కూలీలను పంపడం నిలిపివేసింది. అప్పటికి వచ్చినవాళ్ళం వచ్చి ఉన్నాము. ఆ తరువాత అటు నుంచి కొత్త కూలీలు రావడం ఆగిపోయింది. తెలుగు తెచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్న తెలుగును కాపాడుకునే భారం మన ఇళ్ళమీదే పడింది.

రెండు లేపనాలు, రెండు పత్రికలు

మన సింగపూరు పిల్లలకు పంతులుగారి కథ చెప్పేటప్పుడు మేము టైగర్ బామ్ సంగతితో మొదలుపెడతాము. పాసిర్ పాంజాంగ్‌లో 1937లో కట్టిన హా పార్ విల్లా మనందరం చూసినదే. దాన్ని కట్టించిన ఆవ్ బూన్ హా రంగూను నుంచి 1926లో సింగపూరు వచ్చిన చైనా వ్యాపారి. ఆయన కూడా లేపనం అమ్మి గడించినవాడే. ఆయన కూడా ఆ డబ్బుతో పత్రిక పెట్టినవాడే. 1929లో సిన్ చ్యూ జిత్ పో అనే చైనా దినపత్రికను ఇక్కడ ప్రారంభించాడు. మందు ప్రకటనలకు పత్రిక పనికివచ్చేది, పత్రిక ఖర్చుకు మందు పనికివచ్చేది. ఆ పత్రిక 1983లో నాన్యాంగ్ సియాంగ్ పావ్‌తో కలిసి లియన్హ జావ్‌బావ్‌గా మారి నేటికీ మన బ్లాకుల కింది దుకాణాల్లో అమ్ముడవుతోంది. తమిళ సోదరులకు 1935 నుంచి తమిళ మురసు ఉంది. అదీ నేటికీ వెలువడుతోంది.

మరి ఆంధ్రపత్రిక? పంతులుగారి అనంతరం అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికనూ భారతినీ సమర్థంగా నడిపారు. ఆయన 1972లో మరణించారు. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. భారతీ ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం ఇప్పటికీ దొరుకుతోంది. మద్రాసు మైలాపూరులో ఆయన పేర ఉన్న నాగేశ్వరరావు పార్కులో ప్రతి ఉదయం జనం నడుస్తున్నారు. మందు మిగిలింది, తోట మిగిలింది, పత్రిక పోయింది. మేము ఇక్కడ తాతగారి కాగితాలు పారవేసిన మరుసటి ఏడాదే అక్కడ ఆ పత్రిక మూతపడిందని తెలిసినప్పుడు మనస్సు కలుక్కుమంది.

తరువాతి కథ, నేటి స్థితి

పత్రిక ఒకటి పోయినా పత్రికారంగం ఆగదు. పంతులుగారు పోయిన నాలుగు నెలలకే, 1938 ఆగస్టులో, మద్రాసులో ఆంధ్రప్రభ పుట్టింది. నిజాం రాజ్యంలో 1926లోనే సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికతో తెలుగు దీపం వెలిగించారు. 1952లో విశాలాంధ్ర, 1960లో విజయవాడ నుంచి ఆంధ్రజ్యోతి వచ్చాయి. నార్ల వెంకటేశ్వరరావుగారి వంటి సంపాదకులు పత్రికల భాషను గ్రాంథికం నుంచి జనం మాట్లాడే తెలుగువైపు తిప్పారు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అంతకుముందు పత్రిక ఊరికి చేరేసరికి పొద్దెక్కేది, కొన్నిచోట్ల మరునాడయ్యేది. తెల్లవారకముందే గుమ్మంలో పడడమనే అలవాటును ఈనాడు తెచ్చింది. 1989 నుంచి జిల్లాకొక అనుబంధం వేసి మారుమూల ఊరి వార్తకూ చోటిచ్చింది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరదీపం వెలుగులో చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాలను ఎదిరిస్తే ఆ వార్తలను పత్రికలు రాష్ట్రమంతటా చేర్చాయి. చదువు, పత్రిక కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకుమించిన ఉదాహరణ లేదు. కొన్నాళ్ళు ఆగిన ఆంధ్రజ్యోతి 2002లో తిరిగి ప్రారంభమైంది. 2008లో సాక్షి, 2011లో నమస్తే తెలంగాణ వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక పత్రికలు రెండు రాష్ట్రాలకూ వేర్వేరు సంచికలు వేస్తున్నాయి.

ఇప్పుడు పరిస్థితి ఏమంత బాగులేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కాగితం ముట్టుకోవడానికే జనం భయపడ్డారు. ప్రకటనలు తగ్గాయి, పుటలు తగ్గాయి. వారపత్రికలు, మాసపత్రికలు పలుచబడ్డాయి. అప్పుడు పత్రిక మానిన ఇళ్ళలో చాలా మళ్ళీ వేయించుకోలేదు. వార్త చేతిఫోనులో ముందే తెలుస్తోంది. ఏ పత్రిక ఏ పక్షమో పాఠకుడికి ముందే తెలిసిపోతోందన్న మాటా ఉంది. పత్రికకు చందాదారుడి డబ్బు చాలదు, ఎవరో ఒకరు పోషించాలి. పోషించేవాడు పంతులుగారైతే పత్రిక దేశానికి పనికివస్తుంది. పోషించేవాడి దృష్టి వేరైతే పత్రిక దారీ వేరవుతుంది. నూరేళ్ళ తెలుగు పత్రికల చరిత్ర మాకు నేర్పిన పాఠం ఇది.

మనం చేయగలిగింది

ఇక మన సంగతి. సింగపూరులో మనకు తెలుగు దినపత్రిక లేదు. బడిలో మాతృభాషగా తెలుగు లేదు. మన పిల్లలు తమిళమో హిందీయో తీసుకుని పరీక్షలు రాస్తున్నారు. మేమూ అలాగే చదివాము. దానికి ఎవరినీ తప్పుపట్టడం లేదు. అయితే ఒక్కమాట.

పాత పత్రికలు ఇప్పుడు చెత్తకుండీలో వెతుక్కోనవసరం లేదు. మన జాతీయ గ్రంథాలయంవారు 1845 నుంచి ఉన్న స్ట్రెయిట్స్ టైమ్స్‌తో సహా సింగపూరు పాత పత్రికలను ఇంట్లో కూర్చుని చూసే వీలు కల్పించారు. అలాగే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు ఆంధ్రపత్రిక, భారతి వంటి పాత సంచికలను స్కాన్ చేయించి అందరికీ తెరిచిపెట్టారు. మేము మొదటిసారి ఒక పాత ఆంధ్రపత్రిక పుటను తెరమీద చూసినప్పుడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాము. ఒక పుటకు ఒక సాయంత్రం పట్టింది. పక్కన అమృతాంజనం ప్రకటన కనబడగానే, చాలాకాలానికి ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టయింది.

కాగితాలు దొరికాయి. చదివేవాళ్ళు కావాలి. మన శనివారం సాయంకాలపు తరగతిలో ఈ ఏడు పిల్లలచేత ఒక గోడపత్రిక పెట్టించాము. నెలకు ఒక్క అట్ట. పాసిర్ రిస్ సముద్రపుటొడ్డున చూసిన పక్షి గురించి ఒకడు నాలుగు వాక్యాలు రాశాడు. అమ్మమ్మ చేసిన పులుసు గురించి ఒకమ్మాయి రాసింది. ఒత్తులు తప్పాయి, దీర్ఘాలు పోయాయి. అయినా మేము ఎర్రసిరా వాడలేదు. రెండో నెలకు ఆ అమ్మాయి తాతగారు చక్రాల కుర్చీలో వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ అట్టను పైకి చదివారు. చుట్టూ పదిమంది పిల్లలు నిలబడి విన్నారు. నూరేళ్ళ కిందటి పఠన మందిరం అరుగు మాకు అక్కడ కనబడింది.

తల్లిదండ్రులకు మా మనవి ఇంతే. వారానికి ఒక గంట మీ పిల్లలను తరగతికి పంపండి. ఇంట్లో తెలుగు రాసి ఉన్న పాత కాగితం, ఉత్తరం, పంచాంగం, శుభలేఖ ఏది ఉన్నా పారవేయకండి. మీకు చదవడం రాకపోతే మా దగ్గరకు తీసుకురండి, కలిసి కూడబలుక్కుందాం. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు. పంతులుగారు పత్రికకోసం ఒక ఆస్తినే ఖర్చుపెట్టారు. మనల్ని ఎవరూ అంత అడగడం లేదు. వారానికి ఒక గంట అడుగుతున్నారు.

 పిల్లలు ఈ వ్యాసాన్ని తామే చదవగలిగితే, ఎంత నెమ్మదిగా చదివినా సరే, ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి అదే.

స్వస్తి.